చిక్కుడు తీగ ఎటు తిరుగుతుంది

మా అక్క కూర్చుని బొమ్మ వేయగా నేను ఒక్కసారి కూడా చూడలేదు. ముందుగదిలో గుండెల ఎత్తు వచ్చే సొరుగుల బీరువా ఒకటి ఉండేది. దాని మీదే ఆమె పలక, సిరాబుడ్లు, పాళీలు, బ్రష్షులు నానేసిన చెంబు. నాలుగు గీతలు గీసేది. కిటికీ దాకా నడిచేది. అక్కడి నుంచి వెనక్కి తిరిగి, కళ్ళు సగం మూసి బొమ్మను చూసేది. మళ్ళీ వచ్చి ఇంకో రెండు గీతలు. బీరువాకీ కిటికీకీ మధ్య ఏడు అడుగులు. ఆ ఏడడుగుల మేరా గచ్చు మీద రంగు పోయి తెల్లటి దారి పడింది.

"కాలు కాలిన పిల్లిలా ఏమిటే ఆ తిరుగుడు? కాసేపు కుదురుగా ఉండలేవా?" అనేది అమ్మ.

"కుదురుగా ఉంటే బొమ్మ కుదరదమ్మా" అనేది అక్క, చేతిలో పాళీతో అటు నడుస్తూనే.

అమ్మ పోయాక ఆ ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. అక్క పోయి పది నెలలు. ఆ దారి మాత్రం గచ్చు మీద అలాగే ఉంది. నేను దాన్ని తొక్కకుండా పక్కనుంచి నడవడం అలవాటు చేసుకున్నాను. ఎందుకో అడిగితే చెప్పలేను.

ఆమె బొమ్మలు మీరు చూసే ఉంటారు. చూసి పక్కన పడేసి ఉంటారు. మందుసీసా పెట్టెలో నాలుగు మడతలుండే కాగితం మీద చెంచాలో మందు పోస్తున్న చెయ్యి, కొత్త మిక్సీతో వచ్చే పుస్తకంలో మూత బిగించే పద్ధతి, విత్తనాల పొట్లం మీద నిజం టమాటాకి ఎన్నడూ రానంత నిగనిగ, బస్సులో "తల బయట పెట్టరాదు" అన్న చోట తల బయట పెట్టిన మనిషి. ఉద్యోగం కాదు. ఎవరు పిలిస్తే వాళ్ళకు వేసేది. ఫోను మోగితే కంగారు, మోగకపోతే అంతకు రెట్టింపు కంగారు. రెండు రోజులు మోగకపోతే రిసీవర్ ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని, పనిచేస్తోందో లేదో చూసి పెట్టేసేది. మోగినప్పుడు మాత్రం, ఊపిరాడని పనుల్లో ఉన్నదానిలా, నాలుగో మోత దాకా ఆగి ఎత్తేది.

దోమల మందు కంపెనీవాళ్ళ కథ మా ఇంట్లో చాలా ఏళ్ళు నవ్వుకున్నాం. పెట్టె మీదకు చచ్చిన దోమ కావాలన్నారు. వేసిచ్చింది. వాళ్ళ మనిషి ఫోను చేసి, "మేడం, దోమ చచ్చింది గానీ చచ్చినట్టు లేదండీ" అన్నాడు. కాళ్ళు ఇంకాస్త ముడిచి, రెక్క వాల్చి ఇచ్చింది. "ఇప్పుడు మరీ ఎక్కువ చచ్చిపోయింది మేడం. చూస్తే జాలేస్తోంది." మూడోసారి అక్కకు విసుగొచ్చి, "పోనీ కొనఊపిరితో ఉంచమంటారా?" అని అడిగింది. ఆయన కాసేపు ఆలోచించి, "అదేనండీ, సరిగ్గా అదే కావాల్సింది" అన్నాడు. కొనఊపిరి దోమ పదకొండేళ్ళు ఆ పెట్టె మీద బతికింది.

చేతులు వేయాల్సి వస్తే మోడల్ని నేనే. స్కూలు రోజుల నుంచీ అంతే. "ఒరేయ్, ఇలా రా. చెంబు పట్టుకో. అలా కాదు, దాహమైనవాడిలా పట్టుకో." పట్టుకునేవాణ్ణి. కదిలితే స్కేలుతో మణికట్టు మీద ఒకటి పడేది. స్క్రూలు బిగించిన చేతులు, బిడ్డను ఎత్తుకున్న చేతులు, గాయానికి కట్టు కట్టిన చేతులు, అన్నీ నావే. ఆడవాళ్ళ చేతులు కావాలంటే నా వేళ్ళనే సన్నగా చేసి గోళ్ళు పెంచేది.

స్కూల్లో ఆమెను "రబ్బరు" అనేవాళ్ళట. గీసిన దానికన్నా చెరిపింది ఎక్కువ కాబట్టి. ఆ పేరు పెద్దయ్యాక కూడా పోలేదు. వీధి చివరి దర్జీ అయితే, "మీ రబ్బరక్క ఇంట్లో ఉందా?" అనే అడిగేవాడు నన్ను.

ఆమె పనిలో పేరు ఉండదు. పెట్టె మీద కంపెనీ పేరు ఉంటుంది, మందు పేరు ఉంటుంది, తయారైన తేదీ ఉంటుంది, ఎండ తగలనివ్వరాదు అని ఉంటుంది. బొమ్మ వేసినవాళ్ళ పేరు పెట్టడానికి ఎక్కడా ఒక బియ్యపు గింజంత చోటు దొరకదు. కుర్రతనంలో ఒకసారి బిస్కెట్ల డబ్బా మీది గడ్డిలో తన పేరు మొదటి అక్షరాన్ని గడ్డిపోచలా దాచిందట. వాళ్ళ మేనేజరు భూతద్దం పెట్టి వెతికి మరీ పట్టుకున్నాడు. తెల్లరంగుతో దాన్ని మూయించి, "ఇది మీ సొంత గోడ కాదమ్మా" అన్నాడట. ఈ మాట ఆమె నాతో నవ్వుతూనే చెప్పింది. నాలుగైదుసార్లు చెప్పింది. నిజంగా నవ్వొచ్చే సంగతిని మనిషి అన్నిసార్లు చెప్పదు.

ఇరవై రెండేళ్ళు అలా గడిచాక మొక్కల పుస్తకం వచ్చింది.

బడిపిల్లల కోసం, ఇంటి చుట్టూ పెరిగే మొక్కల గురించి. అరవై నాలుగు బొమ్మలు, నలుపూ తెలుపూ. పుస్తకాల సంస్థలో ఎడిటరమ్మ మంచి మనిషి, తొందర మనిషి, మాట మధ్యలో ఇంకో మాట మొదలుపెట్టే రకం. పని ఒప్పజెప్పిన రోజునే, అట్ట మీద రాసినవాళ్ళ పేరు కింద బొమ్మలు వేసినవాళ్ళ పేరు కూడా వేయిస్తానని చెప్పింది. పైవాళ్ళు ఒప్పుకోలేదట. లోపలి పేజీల్లో వేసే అలవాటే తమకు లేదన్నారట, ఇక అట్ట మీదా అన్నారట. ఆమె రెండు నెలలు పోట్లాడి సాధించింది.

అక్క ఆ సంగతి నాకు కూర కలుపుతూ, ఏదో కరెంటు పోయిందన్నట్టు చెప్పింది. కానీ మర్నాడు ఆమె చిత్తుకాగితాలు సర్దుతుంటే ఒకదాని నిండా ఆమె పేరే కనిపించింది. పెద్దక్షరాలు, చిన్నక్షరాలు, ఇంటిపేరుతో, ఇంటిపేరు లేకుండా. రబ్బరు కదా, సగం చెరిపింది. పెన్సిలు ఒత్తిడికి కాగితం మీద పడ్డ గాడి మాత్రం చెరగలేదు. నేను దాన్ని చూడనట్టే అడుగున పెట్టేశాను.

ఎనిమిది నెలలు వేసింది. కిటికీ చువ్వలకు డబ్బాలు వేలాడదీసి మొక్కలు పెంచింది. ఆకు వెనక ఈనెల కోసం వాటిని తిప్పి, ఎండకు పట్టి చూసేది. గచ్చు మీద దారి ఇంకాస్త తెల్లబడింది.

ఇక్కడ వాళ్ళ పనిలో ఉన్న ఒక కిటుకు చెప్పాలి. వేసిన బొమ్మ అటువైపు తిరిగి ఉండాలని ఎవరన్నా అడిగితే మళ్ళీ మొదటి నుంచీ వేయరు. దాని మీద పల్చటి కాగితం పరిచి గీతల్ని ఎత్తుకుని, ఆ కాగితాన్ని బోర్లా తిప్పి, కింద బల్బు ఉన్న గాజుబల్ల మీద పెట్టి దిద్దేస్తారు. కుడివైపు చూసేవాడు ఎడమవైపు చూస్తాడు. పది నిమిషాల పని. ముఖాలకు, కుండలకు, కుర్చీలకు ఏ ఇబ్బందీ లేదు. ఒక్కసారి మాత్రం దర్జీకి బోర్డు బొమ్మ వేసిస్తూ చొక్కా తొడుక్కున్న మనిషిని అలా తిప్పేసింది. బోర్డు ఎక్కాక దర్జీ మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"రబ్బరమ్మా, నా బోర్డు మీద మీసాలాయనకి ఆడవాళ్ళ చొక్కా తొడిగావు. గుండీలు అటువైపున్నాయి. పొద్దుట్నించీ ఇద్దరొచ్చి, అన్నయ్యా నీకు కుట్టడం వచ్చా అని అడిగిపోయారు."

ఆ సాయంత్రమే నిచ్చెన వేసుకుని ఎక్కి గుండీలు మార్చి వచ్చింది. ఆ తర్వాత బట్టలున్న బొమ్మ ఏదీ తిప్పలేదు.

మొక్కల పుస్తకం పని అయిపోవస్తుండగా ఎడిటరమ్మ ఫోను చేసింది. చిక్కుడు పేజీలో రాత కుడి నుంచి ఎడమకు మారింది, తీగ కూడా ఇటు కాకుండా అటు వంగితే బావుంటుంది, ఎల్లుండికి కావాలి. అదే రోజుకు ఇంకెవరికో ప్రెషర్ కుక్కరు మూత బొమ్మ కూడా ఇవ్వాలి. అక్క చిక్కుడును పల్చటి కాగితం మీద ఎత్తుకుంది, బోర్లా తిప్పింది, దిద్దింది, పంపేసింది. తీగకు గుండీలు లేవు కదా.

పుస్తకం అచ్చుకు వెళ్ళింది. అక్కకు కాలు నిలవలేదు. చేతిలో వేరే పని లేదు, ఫోను మోగడం లేదు, బీరువా ఖాళీగా ఉంది. రోజుకు మూడుసార్లు పాళీలు కడిగేది. ఆ శనివారం పొద్దున నాకు సెలవు, పేపరు చదువుకుంటున్నాను. ఆమె కాఫీ గ్లాసుతో కిటికీ వైపు వెళ్ళింది. ఏడడుగులు విన్నాను. వెనక్కి అడుగులు వినిపించలేదు. అలా ఎంతసేపటికీ వినిపించకపోయేసరికి తలెత్తి చూశాను. అక్క కిటికీ ముందు కదలకుండా నిలబడి ఉంది. నాకు అది చూస్తేనే భయమేసింది.

"ఒరేయ్" అంది, వెనక్కి తిరగకుండా. "చిక్కుడు తీగ ఎటు తిరుగుతుంది?"

"పైకి" అన్నాను.

తిట్టలేదు. నన్ను పిలిచి చూపించింది. డబ్బాలోంచి లేచిన తీగ చువ్వను చుట్టుకుని పోతోంది. మనకు ఎదురుగా కనిపించే మెలిక ప్రతిదీ ఎడమ కింద నుంచి కుడి పైకి ఎక్కుతోంది. పక్క చువ్వ మీది తీగా అంతే. దాని పక్కదీ అంతే. అక్క సొరుగు లాగి ఒక స్క్రూ తీసి, తీగ పక్కన నిలబెట్టింది. దాని మర చుట్లు కూడా అదే వాలు. "మరలాగా తిరుగుతుంది. అన్ని చిక్కుళ్ళూ ఇటే. నేనిచ్చింది అటు ఎక్కుతోంది. లోకంలో లేని తీగ అది."

ఎవరు చూస్తారని అన్నాను. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట అదే. ఆమె అప్పటికే ఫోను దగ్గర ఉంది. ఎడిటరమ్మ ప్రెస్సుకు వెళ్ళిందని ఆఫీసువాళ్ళు చెప్పారు. అక్క కిటికీకి కట్టిన తాడు విప్పి, డబ్బాను తీగతో సహా ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కింది. నేను సిరా, పాళీలు, కాగితాలు పట్టుకుని వెనకాల. బస్సులో పక్కసీటావిడ ఆ తీగను చూసి, నర్సరీకా అని అడిగింది. కాదండీ, ఆస్పత్రికి అన్నాను. అక్క నవ్వలేదు.

ప్రెస్సు లోపల మిషను చప్పుడుకు గోడలు వణుకుతున్నాయి. అంతా సిరా, కిరసనాయిలు వాసన. ఎడిటరమ్మ కుప్ప పోసిన కాగితాల మధ్య స్టూలు మీద కూర్చుని ఉంది. పక్కన ఫోర్‌మన్, నెరిసిన జుట్టు, చెవి వెనక పెన్సిలు. పుస్తకంలో సగం అచ్చయిపోయింది. చిక్కుడు ఉన్న ఫారం, అంటే ఒకే కాగితం మీద కలిసి అచ్చయ్యే పేజీల కట్ట, ఇంకా మిషను ఎక్కలేదు. మధ్యాహ్నం ఎక్కుతుంది.

అక్క డబ్బాను బల్ల మీద పెట్టి సంగతంతా చెప్పింది. తప్పు తనదేనని రెండుసార్లు చెప్పింది. ఎడిటరమ్మ తీగను చూసింది, బొమ్మను చూసింది, మళ్ళీ తీగను చూసింది. ఆమెకు అర్థమైంది. అర్థం కాకపోయినా బావుండేదన్నట్టు మొహం పెట్టింది. ఫోర్‌మన్‌ను అడిగింది, బొమ్మను అచ్చుకు ఎక్కించే రేకు, అంటే ప్లేటు, కొత్తది చేయగలరా అని.

చేయొచ్చు గానీ, ఖాళీ ప్లేటు ఒక్కటే మిగిలిందని ఆయన చెప్పాడు. అది అట్టకోసం ఉంచింది. కొత్త సరుకు నాలుగు రోజులకు గానీ రాదు. మిషను తమ చేతిలో ఉండేది ఈ సాయంత్రం దాకానే, రేపటి నుంచి వేరేవాళ్ళ క్యాలెండర్లు. బడులు తెరిచే రోజుకు పుస్తకం చేరాలి.

అట్టకు కొత్త ప్లేటు ఎందుకని అక్క అడిగింది. పని మొదట్లో నమూనాకోసం చేసిన ప్లేట్లు ఉన్నాయి కదా.

ఎడిటరమ్మ డబ్బాను బల్ల అంచు నుంచి లోపలికి జరిపింది. ఫోర్‌మన్ చెప్పాడు. "పాతవి ఉన్నాయమ్మా. రంగులన్నీ అవే. అక్షరాలుండే నల్లప్లేటు ఒకటే మార్చాలి. అందులో మీ పేరు లేదు."

నమూనా చేసిన నాటికి పైవాళ్ళు ఇంకా ఒప్పుకోలేదు. ఉన్నది ఒక్క రేకు. దాని మీద అట్ట పడితే ఆమె పేరు ఉంటుంది, చిక్కుడు అటే తిరుగుతుంది. చిక్కుడు పడితే పాత అట్టే వెళ్ళిపోతుంది.

అక్క నడవడం మొదలుపెట్టింది. కాగితాల కుప్పకూ గోడకూ మధ్య ఐదడుగులే. అక్కడే అటూ ఇటూ. నేను ఆమె పక్కనే నడుస్తూ చెప్పాను. చాలా చెప్పాను. ఇరవై రెండేళ్ళని చెప్పాను. మళ్ళీ ఇలాంటి అట్ట దొరకదని చెప్పాను. అరవై మూడు బొమ్మలు సరిగ్గా ఉన్నాయి కదా అన్నాను. బిస్కెట్ల డబ్బా మేనేజరును కూడా గుర్తుచేశాను, అది మాత్రం అనకుండా ఉండాల్సింది. చివరికి గొంతు పెంచి, మిషను చప్పుడు మీదుగా, "ఎవరు చూస్తారక్కా!" అన్నాను.

ఆగింది.

"పిల్లలు చూస్తార్రా. ఈ పుస్తకం పక్కన పెట్టుకుని గింజ పాతుతారు. తీగొస్తుంది. పుస్తకంలో అటుంది, ఇక్కడ ఇటుంది. పుస్తకం తప్పని ఏ పిల్లా అనుకోదు. తన తీగే తప్పనుకుంటుంది. విప్పి అటు చుడుతుంది."

ఎడిటరమ్మ లేచి, మలి ముద్రణలో పేరు తప్పకుండా వేయిస్తానంది. అక్క సరేనని తలూపింది. ఇద్దరిలో ఎవరూ ఆ మాట నమ్మలేదని నాకు తెలిసింది.

కాగితాలు కోసే బల్ల సరిగ్గా గుండెల ఎత్తుంది. అక్క దాని మీద కాగితం పరిచింది. ఈసారి తీగ ఎడమకు వంగాలి, మెలికలు మాత్రం వాటి దారినే ఎక్కాలి. పాత బొమ్మ పనికిరాదు, తిప్పిందీ పనికిరాదు, కొత్తగా చూసి వేయాల్సిందే. కిటికీ దగ్గర విప్పినప్పుడే చువ్వను వదిలేసిన తీగ ఇప్పుడు వేలాడుతోంది. ఫోర్‌మన్ చుట్టూ చూసి, గోడకు తగిలించిన పొడవాటి ఇనుప స్కేలు తెచ్చి డబ్బాలో గుచ్చాడు. అక్క తీగను మెల్లగా దానికి చుట్టింది. స్కేలు ఎడమకు వంచి పట్టుకోమన్నప్పుడు నేను ముందుకు వెళ్ళాను. "నువ్వొద్దు, కోపంలో కదిలించేస్తావు" అంది. నిజమే. ఫోర్‌మనే పట్టుకున్నాడు.

"ముప్ఫై ఏళ్ళుగా మిషను ఆపుతున్నానమ్మా" అన్నాడు ఆయన. "పెళ్ళికొడుకు పేరు తప్పుపడిందని ఆపాను, మంత్రిగారి ఫోటో తలకిందులైందని ఆపాను. చిక్కుడుకాయ కోసం ఇదే మొదలు."

"కదలకండి" అంది అక్క.

గంటన్నర పట్టింది. అంతసేపూ ఆమె నడవలేదు. పక్కన రబ్బరు కూడా లేదు, నేను తేవడం మరిచిపోయాను. అడగలేదు.

పుస్తకం వచ్చింది. అట్ట మీద రాసినవాళ్ళ పేరు ఉంది. దాని కింద కాస్త ఖాళీ ఉంది. అక్క చిక్కుడు పేజీ తెరిచి, స్క్రూ తెచ్చి పక్కన పెట్టి చూసి, పుస్తకం మూసి బీరువా మీద పెట్టింది. ఫోను మోగింది. నాలుగో మోతకు ఎత్తింది. కుర్చీ బిగించే పద్ధతి కావాలట. "ఒరేయ్, చేతులు కడుక్కుని రా" అని కేకేసింది. నేను ఆమె మీద కోపంతో వారం రోజులు సరిగ్గా మాట్లాడలేదు. చేతులు మాత్రం ఇచ్చాను. మలి ముద్రణ మూడేళ్ళకు వచ్చింది, బొమ్మల బదులు ఫోటోలతో. ఎడిటరమ్మ అప్పటికి అక్కడ లేదు.

కిందటేడు అక్క ఆస్పత్రిలో ఉన్నప్పుడు మంచానికి ఎదురుగా గోడ మీద చేతులు కడుక్కునే పద్ధతి చూపే పటం ఉండేది. ఎనిమిది బొమ్మలు. అక్క వేసినవే, పదిహేనేళ్ళ నాటివి. అప్పటికి ఆమె మంచం దిగలేకపోయేది. కాళ్ళు మాత్రం దుప్పటి కింద కదులుతూనే ఉండేవి. ఒకరోజు సెలైను మార్చడానికి వచ్చిన నర్సుకు ఆ పటం చూపించింది. తను వేశానని చెబుతుందేమోనని నేను ఎదురుచూశాను.

"ఆ చేతులు మా తమ్ముడివమ్మా" అంది.

నర్సు పటాన్నీ నా చేతుల్నీ మార్చి మార్చి చూసి, నిజమేనండీ అంది. అక్క కళ్ళు మూసుకుంది.

ఆమె పోయాక ఆ కిటికీలో నేను మళ్ళీ చిక్కుడు గింజ పెట్టాను. తీగ వచ్చింది. ఒకరోజు మనసాగక, దాన్ని విప్పి అటువైపుకు, తప్పు వైపుకు చుట్టి దారంతో కట్టాను. పేరు పోయింది దీనివల్లే కదా, ఏమవుతుందో చూద్దామని. కట్టిన చోట అలాగే ఉంది. కట్టు పైన కొస మాత్రం రెండు రోజులకు చువ్వను వదిలేసి, గాల్లో కాసేపు తచ్చాడి, మళ్ళీ తన దారిన చుట్టుకుంది. దారం తెంపేసి వచ్చి పుస్తకం తీశాను.

ఎన్నోసార్లు చూసిన పేజీనే. ఆ రోజే ఒకటి కనిపించింది. పుస్తకంలో పొట్ల, కాకర, దోస, తీగ ఏదైనా కర్రపుల్లలనే పట్టుకుని ఎక్కుతుంది. నలభై ఒకటో పేజీలో చిక్కుడు ఒక్కటే సన్నటి పట్టీ మీద ఎక్కుతోంది. దాని అంచున, ఆకుల చాటున, దగ్గర దగ్గరగా చిన్న గీతలు. ప్రతి ఐదోదీ కాస్త పొడవు, ప్రతి పదోదీ ఇంకాస్త పొడవు. ఆ రోజు ప్రెస్సులో ఎదురుగా ఏది ఉంటే అదే వేసింది, ఫోర్‌మన్ పట్టుకున్న స్కేలుతో సహా. రబ్బరు తేవడం నేను మరిచిపోయాను.

నేను ఆ గీతల్ని లెక్కపెట్టాను. లేచి కిటికీ దాకా నడిచి, మళ్ళీ వచ్చి లెక్కపెట్టాను. అప్పుడు చూసుకున్నాను, గచ్చు మీద ఆ తెల్లటి దారి మధ్యలోనే నడుస్తున్నాను.